ఎనిమిది సంఖ్యలు, ఒక బటన్

నేను వెబ్ డెవలపర్‌ని. తీరిక దొరికితే పాటలకు బాణీలు కట్టుకుంటాను. అందుకే మా నందిగామ, జగ్గయ్యపేట వైపు కుర్రాళ్లు ఎక్కడ కనిపించినా ఒకటే అడుగుతారు: "అన్నా, ఏ ల్యాప్‌టాప్ కొనమంటావు?" సంగీతం మీద మనసున్నవాళ్లయితే "ఏ కీబోర్డు తీసుకోవాలి, ఏ మైకు మంచిది?" అంటారు. అందరికీ నా జవాబు ఒకటే. ఇప్పుడేమీ కొనొద్దు. చేతిలో ఉన్న ఫోనుతోనో, ఇంట్లో పడి ఉన్న పాత కంప్యూటర్‌తోనో ఈ వారం ఒక చిన్న వస్తువు తయారు చెయ్యండి. పూర్తి చెయ్యండి. నలుగురికీ చూపించండి. కొనే సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

కొత్త పరికరం కొన్న రోజున ఏదో నేర్చేసుకున్నంత సంబరంగా ఉంటుంది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సుకు డబ్బు కట్టిన రోజునా అంతే. ఆ సంబరం అబద్ధం కాదు గానీ, దానివల్ల చేతికి పని రాదు. ప్రోగ్రామింగూ సంగీతమూ రెండూ చేతికి పట్టుబడాల్సిన విద్యలు. ఎన్ని వీడియోలు చూసినా వేలు మెట్టు మీద పడితేనే స్వరం పలుకుతుంది, మీ కోడు మీరు రాసుకుంటేనే తప్పెక్కడుందో తెలుస్తుంది.

చిన్న వస్తువంటే ఎంత చిన్నదని అడుగుతారేమో. లెక్కతో సహా చెబుతాను.

కర్ణాటక సంగీతంలో మొదటి పాఠం సరళీ స్వరాలు, మాయామాళవగౌళ రాగంలో. ఆ రాగంలోని స్వరాలను సంఖ్యలుగా రాయవచ్చు. సెకనుకు గాలి ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య చెబుతుంది. షడ్జమం 240 అనుకుందాం. పై షడ్జమం దానికి రెట్టింపు, 480. పంచమం ఒకటిన్నర రెట్లు, 360. మిగతావీ ఇలాంటి సులువైన నిష్పత్తులే: శుద్ధ రిషభం 256, అంతర గాంధారం 300, శుద్ధ మధ్యమం 320, శుద్ధ ధైవతం 384, కాకలి నిషాదం 450. మొత్తం ఎనిమిది సంఖ్యలు. ఒక్కదానిలో కూడా దశాంశం లేదు.

ఇక మీ ఫోనులోని బ్రౌజర్‌కు శబ్దం పుట్టించడం వచ్చు. ఆడియో కాంటెక్స్ట్ అనే సదుపాయం అందులోనే ఉంది. దాన్లో స్వరం పుట్టించే ఆసిలేటర్ ఒకటి పెట్టి, ఈ ఎనిమిది సంఖ్యలనూ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి, స్పీకరుకు కలిపితే ఆరోహణ వినిపిస్తుంది. పాతిక ముప్పై వరుసల జావాస్క్రిప్ట్ చాలు. పైసా ఖర్చు లేదు.

మొదలుపెట్టగానే మూడు అడ్డంకులు ఎదురవుతాయి. అసలు విద్య అక్కడే ఉంది.

మొదటిది: కోడు సరిగ్గానే ఉంటుంది, శబ్దం మాత్రం రాదు. మనం పేజీని తాకేదాకా బ్రౌజర్ శబ్దాన్ని విడుదల చెయ్యదు. తెరిచిన ప్రతి పేజీ మోగకుండా పెట్టుకున్న కట్టడి అది. కాబట్టి ఒక బటన్ పెట్టాలి, అది నొక్కాకే పాట మొదలవ్వాలి. రెండోది: ప్రతి స్వరం చివరా "టప్" మని చప్పుడు. తరంగాన్ని మధ్యలో ఠక్కున తెంచేస్తే వచ్చే చప్పుడు అది. ధ్వనిని ఒక్కసారిగా ఆపకుండా చివరి 20 మిల్లీసెకన్లలో మెల్లగా సున్నాకు దించితే పోతుంది. మూడోది అన్నింటికన్నా పెద్దది: స్వరాలన్నీ లెక్క ప్రకారం కచ్చితంగా ఉన్నా పాటలా ఉండదు, గుడి మైకులో ఈల వేసినట్టుంటుంది. స్వరం నుంచి స్వరానికి జారే గమకం లేదు మరి. గాంధారం నుంచి మధ్యమానికి మనిషి గొంతు ఎలా జారుతుందో అప్పుడు గానీ మీ చెవి పట్టించుకోదు. ఏళ్ల తరబడి పాటలు విన్నవాళ్లు కూడా ఆ జారుడు తామే సంఖ్యల్లో రాయాల్సి వచ్చినప్పుడు తొలిసారి నిజంగా వింటారు.

పాట నడక కూడా ఒక సంఖ్యే. స్వరానికి 1000 మిల్లీసెకన్లు ఇస్తే మొదటి కాలం, 500 అయితే రెండో కాలం, 250 అయితే మూడోది. యంత్రానికి ఆ ఒక్క సంఖ్య మారిస్తే సరిపోతుంది. మన గొంతుకు మాత్రం నెలలు పడతాయి. ఆ తేడా తెలిశాక సాధన చేసేవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

తప్పును పట్టుకునే పద్ధతిలో ఈ రెండు విద్యలూ ఇంకా దగ్గర. మంచి సంగీతం మాస్టారు కీర్తనలో ఒక చోట శ్రుతి తప్పితే మొత్తం మళ్లీ పాడించరు. తప్పిన ముక్కను విడదీస్తారు. అందులోనూ రెండు స్వరాల మధ్య ఎక్కడ జారుతోందో చూసి, ఆ రెంటినే మొదటి కాలంలో పదేపదే పలికిస్తారు. మంచి ప్రోగ్రామరూ అదే చేస్తాడు. వెయ్యి వరుసల్లో తప్పు ఉంటే, సగం తీసేసి చూస్తాడు, మళ్లీ సగం తీసేస్తాడు, చివరికి తప్పొక్కటే ఒంటరిగా మిగిలేదాకా. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఇలాంటిదే జరిగింది. ఒక సందేశం రాగానే యాప్‌లు కుప్పకూలిపోయేవి. వెతుక్కుంటూ పోతే కారణం ఒకే ఒక తెలుగు అక్షరం దగ్గర తేలింది. "జ్ఞా" ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే దాన్ని తెర మీద గీయలేక యంత్రం చతికిలబడుతోంది. తప్పు అక్షరమంతకు కుదించాక సవరణ రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఆ నెలలోనే 11.2.6 అనే కొత్త వెర్షన్ వచ్చింది. "నాకు రావట్లేదు" అనుకునే ప్రతిసారీ ఈ పద్ధతి వాడండి. రానిది మొత్తం విద్య కాదు, అందులో ఎక్కడో ఒక వరుస. దాన్ని వెతికి పట్టుకోండి.

"ఇంత చిన్నది చేస్తే ఎవరికి ఉపయోగం?" అని కొందరు పెదవి విరుస్తారు. మనం ఈ రోజు కంప్యూటర్‌లో తెలుగు రాస్తున్నామంటే అలాంటి చిన్న పనుల పుణ్యమే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఒక ఏర్పాటు తయారు చేశారు. తర్వాత వెన్న నాగార్జున 'పద్మ' అనే బ్రౌజర్ పొడిగింత రాశారు. పత్రికలు తలా ఒక ఫాంటు వాడుతున్న ఆ రోజుల్లో వాటన్నింటినీ అది యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. 2003లో తెలుగు వికీపీడియాకు మొదటి అడుగు వేసిందీ ఆయనే. పద్మను ఆధారం చేసుకుని వీవెన్ 'లేఖిని' కట్టారు. ఒక పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలు కొడితే ఇంకో పెట్టెలో తెలుగు వచ్చే చిన్న వెబ్ పేజీ అది. ఎన్ని వేల మంది ఆ పేజీలో తొలిసారి తమ పేరు తెలుగులో కొట్టుకుని మురిసిపోయారో! ఒకరు పూర్తి చేసి బయటపెట్టారు కాబట్టే ఇంకొకరు దాని మీద కట్టగలిగారు. సగంలో ఆగి సొంత కంప్యూటర్‌లో ఉండిపోయిన పని మీద ఎవరూ ఏమీ కట్టలేరు.

పూర్తి చేసి పేరు పెట్టుకునే అలవాటు మన నేలకు కొత్త కాదు. జగ్గయ్యపేట ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు అక్కడ శాసనాలున్న స్తంభాలు దొరికాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలనలో 20వ ఏట, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర 5 స్తంభాలు నిలబెట్టించాడని వాటి మీద ఉంది. అతని తండ్రి నాగచంద్రుడూ శిల్పే. ఇంటివాళ్ల పేర్లు కూడా రాయించాడు. అతను రాజు కాడు, మంత్రి కాడు, చేతిపని మనిషి. స్తూపం మొత్తం తానే కట్టాలనుకోలేదు. తన వంతుగా 5 స్తంభాలు పూర్తి చేసి పేరు చెక్కించుకున్నాడు. పదిహేడు వందల ఏళ్ల తర్వాత మనం అతని పేరు చదువుతున్నాం. జగ్గయ్యపేటలోనే ఉండి ఆ గుట్ట ఎక్కనివాళ్లు ఎంతో మంది. ఒక్కసారి వెళ్లి చూసి రండి.

పరికరాల మాటకొస్తే, నేను వాటికి వ్యతిరేకిని కాను, వాటంటే నాకు ప్రేమ. కాకపోతే పని అడిగాకే కొనాలంటాను. సంగీతానికి వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడండి. బ్లూటూత్‌లో మీరు మీట నొక్కిన కాసేపటికి శబ్దం వస్తుంది, తాళం నిలవదు. గొంతు రికార్డు చెయ్యడానికి ఖరీదైన మైకు కన్నా బట్టలు నిండుగా వేలాడే చిన్న గది ముఖ్యం. గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే శబ్దాన్ని బట్టలు మింగేస్తాయి. ఫ్యాను ఆపాలి. మన మెట్ట ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం ఫ్యాను ఆపి కూర్చోవడం ఎవరి తరమూ కాదు కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోండి. ఆ వేళ హైవే మీద లారీల రొద కూడా కాస్త తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడకండి. అడుగున గాలి ఆడక వేడెక్కి నెమ్మదిస్తుంది, తప్పు మీ కోడుదని మీరు అనుకుంటారు.

పరికరం ఎక్కడిదైనా మనది చేసుకోవచ్చని హార్మోనియం చెబుతుంది. 1840ల్లో పారిస్‌లో పుట్టింది, కలకత్తాలో చేత్తో గాలి కొట్టే పెట్టెగా మారింది, మన పద్యనాటకం వేదిక ఎక్కింది. గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ విమర్శలో నిజముంది. అయినా కృష్ణా జిల్లా పల్లెల్లో హార్మోనిస్టులు ఆ పెట్టెతోనే నటుల రాగాలాపనకు తోడు నడిచి తెల్లవార్లూ జనాన్ని కదలకుండా కూర్చోబెట్టారు. లోపం తెలిసిన మనిషి చేతిలో లోపమున్న పరికరమూ చక్కగా పలుకుతుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిందే తడవుగా కోడూ రాసిస్తోంది, పాటా కట్టిస్తోంది. వాడుకోండి, తప్పులేదు. అయితే అది ఇచ్చిన దాంట్లో "టప్" మనే చప్పుడు ఎందుకొస్తోందో చెప్పగలిగేది, సొంతంగా ఒక్కసారైనా చేసినవాళ్లే. ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు కూడా సర్టిఫికెట్ల కట్ట కన్నా, ఫోను తీసి "ఇది నేను చేశాను, ఇక్కడ ఇబ్బంది వచ్చింది, ఇలా దాటాను" అని చూపించే ఐదు నిమిషాలు ఎక్కువ మాట్లాడతాయి. నేను మనుషులను ఎంచుకోవాల్సి వస్తే అలాంటివాళ్లనే ఎంచుకుంటాను.

సగంలో ఆపేసే జబ్బు మాత్రం అందరికీ ఉంటుంది. ఎనిమిది తాళావర్తాల ముక్క కట్టి దాన్నే తిప్పి తిప్పి వింటూ పాట పూర్తి చెయ్యని సంగీతప్రియులు ఎందరో, మొదటి పేజీ రంగులు మార్చుతూ ఏడాది గడిపే డెవలపర్లూ అందరే. దీనికి మందు ఒక తేదీ, ఒక మనిషి. ఎప్పటికి పూర్తి చేస్తారో, ఎవరికి చూపిస్తారో ముందే చెప్పెయ్యండి. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు వచ్చే చుట్టాలకు దారి చూపే పేజీ కావచ్చు. తిరునాళ్లు మీ కోసం ఆగవు కాబట్టి తేదీ దానంతటదే కుదురుతుంది. మిరపకోతల కూలి లెక్క అమ్మ ఫోనులోనే వేసుకునే పేజీ కావచ్చు. అన్నింటికన్నా నాకు ఇష్టమైనది ఇంకొకటి ఉంది. మీ నాయనమ్మో అమ్మమ్మో పొలం పనుల్లో పాడుకున్న పాటను ఫోనులో రికార్డు చేసి, మాటలు తెలుగులో కొట్టి, ఒక పేజీలో పెట్టండి. ప్రోగ్రామింగూ పరికరమూ సంగీతమూ మూడూ అందులో ఉన్నాయి. పైగా ఆ పని వాయిదా వేయడానికి వీల్లేదు. పాడేవాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు.

ఈ ఆదివారం కూర్చోండి. 240, 256, 300, 320, 360, 384, 450, 480. వీటికి ఒక బటన్ పెట్టి, పేజీ చివర మీ పేరూ ఊరూ రాసి, లింకు మీ సంగీతం మాస్టారికో చెల్లెలికో పంపండి. వాళ్లు ఏమన్నారో విని, వచ్చే వారం రెండోది మొదలుపెట్టండి.