పందులు, కోళ్లు పెంచు కుటుంబమునకు ఆరోగ్య సూత్రములు

కొద్దిపాటి స్థలము గల కుటుంబము కూడ మాంసముకొరకు రెండు ఆడపందులను, 50 కోళ్లను పెంచి ఆదాయము పొందవచ్చును. పంది చూడికాలము సుమారు 114 దినములు. ఒక్కొక్క ఈతకు సాధారణముగా 8 నుండి 10 పిల్లలు పుట్టును. మేలుజాతి మాంసపుకోళ్లు సుమారు 6 వారములలో అమ్మకమునకు వచ్చును. అయితే ఈ లాభము నిలుచుట ఇంటివారి శుభ్రతపై ఆధారపడియున్నది.

పందులను ఊరిమీదికి వదలరాదు. బద్దెపురుగు గల మనుష్యుని మలమును తిన్న పంది కండలలో ఆ పురుగు తిత్తులు ఏర్పడును. ఆ మాంసమును బాగుగా ఉడికింపక తిన్నవారి ప్రేగులలో బద్దెపురుగు పెరుగును. అంతకంటె ప్రమాదకరమైనది మరియొకటి గలదు. పురుగు గలవాని మలములోని గ్రుడ్లు మురికి చేతులద్వారా, కలుషిత జలముద్వారా ఇతరుల నోటిలోనికి పోయినచో, మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు రావచ్చును. పంది మాంసమును ఎన్నడును ముట్టనివారు సైతము ఈ వ్యాధికి గురికావచ్చును. కావున పందులదొడ్డికంటె ముందు మరుగుదొడ్డి కట్టుకొనవలెను. మలములో తెల్లని బద్దెముక్కలు కనబడినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి మందు పుచ్చుకొనవలెను.

మన దేశమున మనుష్యులలో 1955లో వేలూరు ప్రాంతమున మొదట గుర్తింపబడిన జపనీస్ మెదడువాపు వ్యాధి క్రిములు పందుల రక్తములో వృద్ధిపొందును. వరిపొలములలో పుట్టు దోమలు వానిని మనుష్యులకు చేర్చును. అందుచేత దొడ్డిని ఇంటికి దూరముగా కట్టవలెను. పిల్లలను దోమతెరలో పరుండబెట్టవలెను. ఆ వ్యాధి గల జిల్లాలలో వారికి తప్పక టీకా వేయింపవలెను.

కోళ్లకు వేరుగా గూడు కట్టి, కొక్కెర తెగులు అనబడు రాణీఖేత్ వ్యాధికి టీకాలు వేయింపవలెను. చచ్చిన కోడిని తినరాదు, పందులకు వేయరాదు. సున్నము చల్లి లోతుగా పాతిపెట్టవలెను. ఒక్కసారిగా అనేక కోళ్లు చచ్చినచో వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

దొడ్డినుండి వచ్చిన ప్రతిసారియు సబ్బుతో చేతులు కడుగుకొనిన పిమ్మటనే పిల్లలను ఎత్తుకొనవలెను, అన్నము ముట్టవలెను.