తపస్సుకాలం నుండి తొలకరికి

మాఘం ముగిసి ఫాల్గుణం ప్రవేశించే వేళకు ఉత్తరాంధ్ర పల్లెసీమ రూపు మారుతుంది. సంక్రాంతికి ముందే ధాన్యం ఇళ్ళకు చేరి ఉంటుంది. వరిమళ్ళు బీడువారి నెర్రెలు విచ్చుతాయి. వర్షాధారమైన చెరువులలో నీరు నడిమికి కుంచించుకొనిపోతుంది. పాలకొండ, సాలూరు ప్రాంతాల కొండవాలులలో చెట్లు ఆకులు రాల్చుకొని నిలబడతాయి. ఆ మోడులకే కొద్దిరోజులలో ఇప్పపూలు పూస్తాయి. ఉద్దానంలో జీడిమామిడి పూత పట్టి ఉంటుంది. పొలంపనులు లేని కూలి కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని విశాఖపట్టణానికో, హైదరాబాదుకో, చెన్నైకో పయనమవుతాయి. ఒకవైపు వాడుట, మరొకవైపు చిగురించుట, ఈ రెండింటికీ నడుమ ఊరు విడిచిపోవుట - ఇదీ ఆ సంధికాలపు స్వభావం.

ఈ ప్రాంతపు కథోలిక విద్యాసంస్థలలో తపస్సుకాలం ఆరంభమయ్యేది సరిగ్గా ఈ రోజులలోనే. విభూది బుధవారంనాడు గురువు విశ్వాసుల నొసట బూడిదతో సిలువ గుర్తు వేస్తాడు. ఈ బూడిద ఎక్కడినుండి వచ్చిందన్న విషయం గమనింపదగినది. క్రితం సంవత్సరం మట్టల ఆదివారంనాడు భక్తులు చేతబట్టి ఊరేగింపుగా నడిచిన మట్టలను దాచి, ఎండబెట్టి, కాల్చి, ఆ భస్మాన్నే మరుసటి ఏట నొసట ధరించడం సంప్రదాయం. యెరూషలేములో ఖర్జూరపు మట్టలు పట్టుకొన్నారని సువార్త చెప్పుచుండగా, మన తీరంలో కొబ్బరిమట్టలు, ఈతమట్టలు ఆ స్థానాన్ని పొందాయి. నిరుటి పచ్చదనమే ఈ ఏటి బూడిద. శిశిరంలో రాలిన ఆకు ఎరువై వసంతానికి ఉపకరించడం చూచిన రైతుబిడ్డకు ఈ ఆచారాన్ని వేరుగా వివరింపనక్కరలేదు.

విభూది బుధవారం మొదలు పాస్కా పండుగ, అనగా ఈస్టరు, వరకు గల దినాలు నలుబది ఆరు. వానిలో ఆరు ఆదివారాలను మినహాయించి నలుబది దినాలుగా లెక్కిస్తారు. ఈస్టరు తేదీని నిర్ణయించే పద్ధతి మన పంచాంగానికి చాల దగ్గరగా ఉంటుంది. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే మొదటి పున్నమి పిమ్మటి ఆదివారం ఈస్టరు. ఉగాదికి అమావాస్య ప్రమాణమైతే ఈస్టరుకు పున్నమి ప్రమాణం. అందువలననే ఈ రెండు పండుగలు ఏటేటా ఒకదానినొకటి వెన్నంటి వస్తాయి. 2023లో ఉగాది మార్చి 22న, ఈస్టరు ఏప్రిల్ 9న వచ్చాయి. 2024లో మాత్రం క్రమం తారుమారై ఈస్టరు మార్చి 31ననే వచ్చింది. ఉగాది ఏప్రిల్ 9 వరకు ఆగింది. అధికమాసం కలిసినప్పుడు ఇట్టి తేడా ఏర్పడుతుంది. చంద్రుని నమ్ముకొన్న లెక్కలన్నీ ఎక్కడో ఒకచోట కలుసుకొనక తప్పదు.

ప్రార్థన, ఉపవాసం, దానధర్మం అనే మూడూ తపస్సుకాలపు విధులు. మొదటి రెండు వ్యక్తికి సంబంధించినవి. మూడవది పొరుగువానిని చూపుతుంది. నిజానికి ఉపవాసం కూడ పొరుగువానితో ముడిపడినదే. మానివేసిన పూట అన్నం ఆకలిగొన్నవానికి చేరనిచో అది ఉపవాసం కాదని పూర్వనిబంధనలోని యెషయా ప్రవక్త కఠినంగానే హెచ్చరించాడు. తపస్సుకాలంలో విద్యార్థులు చిరుతిండికి ఖర్చుచేసే డబ్బును ఒక పెట్టెలో వేసి, పండుగనాటికి పేదలకు చేర్చే అలవాటు కథోలిక విద్యాలయాలలో పరిపాటి. చిన్న కళాశాలలో ఆ పెట్టె బరువు స్వల్పమే. అందులో నాణెం వేసే విద్యార్థి స్వయంగా కూలి కుటుంబం నుండి గాని, మత్స్యకారుల ఇంటినుండి గాని వచ్చినవాడై ఉంటాడు. కలవాడు లేనివానికిచ్చే దానానికీ, లేనివాడు తనవంటివానికిచ్చే దానానికీ గల తారతమ్యాన్ని ఆ నాణెం తెలుపుతుంది.

ఈ సంప్రదాయం ఉత్తరాంధ్రకు నిన్నమొన్న వచ్చినది కాదు. ఫ్రాన్సిస్ డి సేల్స్ పునీతుని పేర వెలసిన సభకు చెందిన గురువులు 1846లో విశాఖపట్టణం చేరారు. వారి వెనుక 1849లో అనెసీ పట్టణపు సెయింట్ జోసెఫ్ సభకు చెందిన మఠకన్యలు ఈ తీరంలో అడుగుపెట్టారు. ఆ మఠకన్యల మూలసభ 1650లో ఫ్రాన్సు దేశంలోని ల ప్యుయి పట్టణంలో ఏర్పడింది. మఠం గోడల నడుమ ఉండక వీధులలోకి వెళ్ళి, అనాథలను, రోగులను ఆదుకొనడం దాని ప్రత్యేకత. 1958లో విశాఖపట్టణంలో సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాలను స్థాపించినది ఈ సభవారే. ఆడపిల్లకు పైచదువెందుకని ప్రశ్నించే ఇళ్ళు కోకొల్లలుగా ఉన్న కాలమది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు వేరుగా శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడినది 1993లో.

కళాశాలలలో సేవకు ప్రభుత్వపరమైన రూపం లభించినది మహాత్ముని శతజయంతి సంవత్సరంలో. 1969 సెప్టెంబరు 24న కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకాన్ని ఆరంభించాడు. ప్రథమ సంవత్సరంలో చేరిన వాలంటీర్లు 40,000 మంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక గ్రామంలో ప్రత్యేక శిబిరం - ఇవి వాలంటీరు నెరవేర్చవలసిన బాధ్యతలు. వాలంటీరు ఎదపై ధరించే బిళ్ళమీది చక్రం కోణార్క సూర్యదేవాలయ రథచక్రం. ఆ దేవాలయాన్ని 13వ శతాబ్దంలో కట్టించినవాడు తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుడు. ఆ వంశపు రాజులకు పూర్వపు రాజధాని కళింగనగరం. అది వంశధారా తీరంలోని నేటి ముఖలింగమని చరిత్రకారులు గుర్తించారు. శ్రీకాకుళం పట్టణం అంచున ఉన్న అరసవల్లి సూర్యాలయం కూడ గాంగుల నాటిదే. అక్కడ మార్చి, అక్టోబరు నెలలలో కొద్దిదినాలు ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. కనుక శ్రీకాకుళం విద్యార్థి ధరించే ఆ చక్రం ఎక్కడో దూరదేశపు గుర్తు కాదు. తన ఏటిఒడ్డున పాలించినవారి వారసత్వమే.

శిబిరంలో సాధారణంగా జరిగే పనులు అందరెరిగినవే. చెరువుగట్టుమీది తుప్పలు నరకడం, మదుము దగ్గర పేరుకొన్న మట్టిని ఎత్తడం, గుర్రపుడెక్కను లాగివేయడం, పాఠశాల గోడకు సున్నం వేయడం. చెరువు పని వేసవిలోనే జరగాలి. తొలకరి పడినచో పూడిక కదలదు. గట్టు తడిస్తే పార నిలువదు. అయితే ఒక చిక్కు ఉంది. నడివేసవి వచ్చేవేళకు కళాశాల ఉండదు. మార్చిలో ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు. ఆ పైన సెలవులు. చెరువుకు అవసరమైన కాలమూ, విద్యార్థికి తీరిక ఉండే కాలమూ కలిసిరావు. శిబిరం తేదీలు ఊరి అవసరాన్ని బట్టి గాక కళాశాల కాలపట్టికను బట్టి నిర్ణయింపబడడం పెక్కుచోట్ల కనిపించే లోపం.

ఇంతకన్న లోతైన ప్రశ్నను కథోలిక విద్యార్థులే లేవనెత్తిన సందర్భం ఒకటి ఉంది. అఖిల భారత కథోలిక విశ్వవిద్యాలయ సమాఖ్యను 1924లో ఫ్రెంచి యేసుసభ గురువు పియర్ కార్టీ స్థాపించాడు. 1970లో చెన్నై సమీపాన గల పూనమల్లిలో ఆ సమాఖ్య ఒక ప్రకటన చేసింది. దానధర్మాలతో తృప్తిపడక, పేదరికానికి మూలమైన అన్యాయాన్ని గుర్తించాలన్నది దాని సారం. ఆనాటినుండి శిబిరానికి వెళ్ళే విద్యార్థికి పారతోబాటు ఒక ప్రశ్న కూడ తోడైంది. ఈ ఊరి చెరువు ఎందుకు పూడింది? దాని ఆయకట్టు ఎవరిది? మట్టి మోసేవాడు ఎవరు, నీరు పారించుకొనేవాడు ఎవరు?

ప్రశ్నించేముందు ఊరి మాట వినడం నేర్వాలి. ఈ విషయంలో గిడుగు రామమూర్తి పంతులే ఉత్తరాంధ్రకు ఆదర్శం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, సవరలకు మేలు చేయదలచి ఆయన మొదట చేసిన పని వారి భాష నేర్చుకొనడం. పాఠశాల పెట్టడం, వాచకాలు రచించడం ఆ తరువాతి పనులు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. సీతంపేట కొండలకు నేడు శిబిరానికి వెళ్ళే విద్యార్థి ఏడు దినాలలో ఎన్ని సవర మాటలు నేర్చుకొని వస్తున్నాడో ఎవరూ లెక్క తీయరు; నాటిన మొక్కల లెక్క మాత్రం నివేదికలకెక్కుతుంది.

ఆ మొక్కల సంగతే ఉద్దానంలో పెద్ద పరీక్షయైంది. ఉద్యానమే ఉద్దానమైందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల కొబ్బరి, జీడితోటల సీమ అది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలికి తాతల నాటి తోటలు నేలకూలాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ - రెండూ అక్టోబరు 12ననే తీరం దాటినవి; ఈ తీరానికి అక్టోబరు అంటే భయం.

తుపాను పిమ్మట సేవకు మూడు ఋతువులున్నాయి. మొదటిది కూలిన మానులను తొలగించడం. ఇది కేవలం శుభ్రతకు సంబంధించిన పని కాదు. కుళ్ళిన కొబ్బరిదుంగలలో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. అది పెరిగి కొత్తమొక్కల మొవ్వు తొలుస్తుంది. రెండవది తొలకరిలో గోతులు త్రవ్వి, అడుగున కొబ్బరిపీచు పరచి మొక్క నాటడం. మూడవది ఆ పై వేసవి. ఇసుకనేలలో లేతమొక్కకు మాఘం మొదలు మృగశిర కార్తె వరకు నీరు పోయవలసిందే. మొదటి రెండింటికి జనం వస్తారు, ఛాయాచిత్రాలు తీస్తారు. మూడవదానికి ఎవరూ రారు. సరిగ్గా అదే తపస్సుకాలం. బిందె పట్టుకొని నడిచే శ్రమ కన్న తగిన ఉపవాసం ఆ సీమలో వేరే లేదు.

2019 తొలకరిలో నాటిన మొక్కకు మొదటి వేసవి 2020. ఆ మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. కళాశాలలు మూతపడ్డాయి. ఈస్టరు ఏప్రిల్ 12న గుడి తలుపులు మూసి ఉండగానే గడిచింది. వలసపోయినవారు తిరిగి ఊళ్ళకు చేరసాగారు. గుజరాతులోని వెరావల్ రేవులో చిక్కుకొన్న ఈ తీరపు మత్స్యకారులు బస్సులలో ఇళ్ళకు వచ్చారు. శిబిరాలు లేవు, పథకాధికారి లేడు, హాజరుపట్టీ లేదు. ఇంటివద్ద ఉన్న విద్యార్థి తన పెరటిబావి నుండి నీరు తోడి పోస్తేనే మొక్కకు దాహం తీరేది.

నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఇంటర్మీడియట్ చదువు రెండేళ్ళు. డిగ్రీ కలిపినా ఐదేళ్ళు. నాటిన విద్యార్థి గెల చూడడు. మొక్కకు రెండవ వేసవి వచ్చేసరికి అతడు పరీక్షలలో ఉంటాడు. మూడవ వేసవికి మరొక ఊళ్ళో ఉంటాడు. ఆ బిందెను తరువాతి జట్టు అందుకోవాలి. జూన్ నెలలో మృగశిర చినుకులు పడుతుండగా, కొత్తగా చేరిన పిల్లలు సంచులు భుజాన వేసుకొని కళాశాల ద్వారం దాటుతారు. నిరుటి జట్టు నాటిన మొక్కలు ఏ తోటలో ఉన్నవో వారికి చూపించే పని రెండవ సంవత్సరపు విద్యార్థులది.