మతం మారితే పాత పెళ్ళి రద్దయిపోతుందా? క్యాథలిక్ నియమాలు, మన చట్టం

పోయిన వీడియోలో సప్తపది గురించి చెప్పుకున్నాం కదా. అది చూసి, నాతో పనిచేసే ఒక అబ్బాయి లంచ్ టైమ్‌లో నన్ను పక్కకి పిలిచాడు. వాళ్ళ బావగారు ఈ మధ్యే జ్ఞానస్నానం తీసుకుని క్యాథలిక్ అయ్యారట. వాళ్ళక్కతో, "నాది కొత్త జీవితం, పాత పెళ్ళి ఇక లెక్కలోకి రాదు" అన్నారట. పదేళ్ళ కాపురం, ఒక పాప. "నిజంగా అంతేనా అన్నా?" అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు తెలియలేదు. వారం రోజులు కూర్చుని చదివాను. నేను లాయర్‌ని కాను, కానీ అర్థమైంది ఒక్క ముక్కలో చెప్తాను: కాదు. మన చట్టమూ అలా అనదు, వాళ్ళ చర్చీ అలా అనదు. ఫోన్ మార్చేస్తే పాత ఈఎంఐ ఆగిపోదు కదా!

చట్టం ఏమంటుంది?

హిందూ వివాహ చట్టం, 1955, సెక్షన్ 13 ప్రకారం భార్యాభర్తల్లో ఒకరు వేరే మతంలోకి మారితే, మారని వాళ్ళు ఆ కారణంతో విడాకులు అడగవచ్చు. "అడగవచ్చు" అన్న మాట గమనించండి. అడగకపోతే ఆ పెళ్ళి అలాగే ఉంటుంది. మారిన మనిషి మాత్రం "నేను మారాను కాబట్టి విడాకులివ్వండి" అని కోర్టుకి వెళ్ళలేడు. అంటే ఆ హక్కు అక్క చేతిలో ఉంది, బావ చేతిలో లేదు.

విడాకులు లేకుండా ఇంకో పెళ్ళి చేసుకుంటే అది నేరం, 7 ఏళ్ళ వరకు జైలు. 1995లో సరళా ముద్గల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అక్కడ భర్తలు మారింది ఇస్లాంలోకి. కానీ మతం మారినంత మాత్రాన మొదటి పెళ్ళి పోదన్న సూత్రం ఇక్కడా అదే. ఇంకొకటి, భర్త మతం మారితే భార్య విడిగా ఉంటూ కూడా మనోవర్తి అడగవచ్చు. 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టంలో ఇది స్పష్టంగా ఉంది.

మరి చర్చి?

నన్ను ఆశ్చర్యపరిచింది ఈ భాగమే. ఇద్దరు హిందువులు చేసుకున్న పెళ్ళిని కూడా క్యాథలిక్ చర్చి నిజమైన పెళ్ళిగానే చూస్తుంది. జ్ఞానస్నానం పాపాల్ని కడుగుతుందని వాళ్ళ నమ్మకం. పెళ్ళిని కడిగేస్తుందని వాళ్ళెక్కడా చెప్పలేదు.

ఒక మినహాయింపు ఉంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ, ఏడో అధ్యాయం నుంచి వచ్చింది కాబట్టి దానికి ఆయన పేరే పెట్టారు. పెళ్ళినాటికి ఇద్దరికీ జ్ఞానస్నానం లేకుండా, తర్వాత ఒకరు తీసుకుని, రెండోవాళ్ళు విడిచి వెళ్ళిపోతేనే అది వర్తిస్తుంది. అప్పుడు కూడా 1983 నాటి చర్చి చట్టం, 1144వ నియమం ప్రకారం, ఆ రెండో మనిషిని మామూలుగా రెండు ప్రశ్నలు అడగాలి. మీరూ జ్ఞానస్నానం తీసుకుంటారా? లేదంటే, కనీసం మీ భార్య లేదా భర్త నమ్మకాన్ని అవమానించకుండా ప్రశాంతంగా కలిసి ఉంటారా?

అక్క రెండోదానికి "ఉంటాను" అంటే, బావకి ఈ దారి మూసుకుపోయినట్టే. జ్ఞానస్నానం తర్వాత ఆయనే వేధించి ఆవిడ వెళ్ళిపోయేలా చేసినా, దీన్ని వాడుకోలేడు. అదీ నియమంలోనే ఉంది.

విడాకులైన హిందువు క్యాథలిక్‌ని చేసుకోవాలంటే?

మనలో చాలామందికి ఇది కూడా ఉపయోగపడుతుంది. కోర్టు డిక్రీ ఒక్కటే చర్చికి సరిపోదు. మొదటి పెళ్ళి సంగతి వాళ్ళు విడిగా విచారిస్తారు, కొన్ని కేసులు పోప్ దాకా వెళ్తాయి. అలాగే చర్చి ట్రిబ్యునల్ ఇచ్చిన కాగితం మన చట్టం ముందు విడాకులు కాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు చోట్లా తేల్చుకున్నాకే హాల్ బుక్ చేసుకోండి.

చివరికి ఏమైందంటే, బావగారు వాళ్ళ విచారణ గురువు దగ్గరికి, అంటే ఆ చర్చి ఫాదర్ దగ్గరికి వెళ్ళారట. ఆయన అడిగిన మొదటి మాట, "మీ భార్య ఏమంటోంది?" బావగారి దగ్గర జవాబు లేదు. పదేళ్ళలో ఆ మాట ఆయన ఆవిణ్ణి అడగనే లేదు మరి.

కలిసి ఉండాలా, విడిపోవాలా అన్నది అక్క ఇంకా ఆలోచిస్తోంది. అది ఆవిడ నిర్ణయం. ఎవరి నమ్మకం వాళ్ళది, దాన్ని మనం తప్పు పట్టక్కర్లేదు. కానీ "నాతిచరామి" అని మాటిచ్చింది ఒక మనిషికి. దేవుణ్ణి ఏ పేరుతో పిలుచుకున్నా, ఆ మనిషిని అడగకుండా ఆ మాట చెరిగిపోదు.

మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే, గొడవకి ముందు ఒక మంచి లాయర్‌ని కలవండి. మళ్ళీ కలుద్దాం. శుభం.