ట్రెక్కింగ్‌కి తేలికైన ఉప్మా పొడి

ప్రశ్న: ట్రెక్కింగ్‌కి ఇంట్లో చేసి తీసుకెళ్లిన అటుకుల ఉప్మా పొడి రెండో రోజుకే మెత్తబడి, ముక్కిన వాసన వచ్చింది. ఎందుకు?

జవాబు: కారణం చెమ్మే. ఉల్లి, పచ్చిమిర్చి తడి ఆరకపోయినా, వేడి మీదే మూత పెట్టినా ఆవిరి లోపలే నీరవుతుంది. పలచటి అటుకులను సన్నమంట మీద, వేళ్లతో నలిపితే పొడయ్యేదాకా వేయించాలి. తాలింపులో నూనె తక్కువ, ఎండుమిర్చి, గలగలలాడే కరివేపాకు. చింతపండుకు బదులు ఆమ్‌చూర్ మేలు. పూర్తిగా చల్లారాక పూటకో జిప్ కవర్‌లో కట్టాలి. వేరుశనగ పలుకులు విడిగా ఉండాలి. ముందు కనరెక్కేవి అవే. తినేముందు మరిగే నీళ్లు పోసి, ఐదు నిమిషాలు మూత పెడితే చాలు. వాసన మారిన పొడిని పారేయడమే మంచిది. తిన్నాక వాంతులు, విరేచనాలు ఆగకపోయినా, జ్వరం వచ్చినా ఓఆర్ఎస్ తాగుతూ నడక ఆపి డాక్టరును కలవాలి.