ఊపిరి కోసం ఒక విన్నపం: సెలోపెహాదు కుమార్తెలు, మెల్‌బోర్న్ పశ్చిమ వీధులు

గృహ సహవాస అధ్యయనం
పాఠ్యభాగాలు: సంఖ్యాకాండము 27:1-11, 36:1-12, యెహోషువ 17:3-4, ద్వితీయోపదేశకాండము 22:8, యిర్మీయా 29:4-7



సంఖ్యాకాండము 26వ అధ్యాయం నిండా జనాభా లెక్కలే. చాలామందిమి రెండు మూడు వచనాలు చదివి పేజీ తిప్పేస్తాం. కానీ ఆ పేర్ల వరుసలో 33వ వచనం దగ్గర ఐదుగురు ఆడపిల్లల పేర్లున్నాయి: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి సెలోపెహాదు అరణ్యంలో చనిపోయాడు. అన్నదమ్ములు లేరు. భూమి పంచే వేళకు వారి తండ్రి పేరు మీద ఒక్క సెంటు కూడా రాదు. అప్పుడు ఆ ఐదుగురూ ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గరకు వచ్చి మోషే ఎదుట, యాజకుడైన ఎలియాజరు ఎదుట, ప్రధానుల ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడ్డారు.

సంఖ్యాకాండాన్ని సణుగుడు గ్రంథం అన్నా తప్పులేదు. నీళ్లు లేవని సణిగారు, మాంసం లేదని సణిగారు, మన్నా తిని విసుగొచ్చిందని సణిగారు. గుడారాల్లో కూర్చుని గొణుక్కున్న ఆ జనం మధ్య ఈ అక్కచెల్లెళ్లు మాత్రం వేరే దారి పట్టారు. అడగవలసిన చోటుకు వెళ్లారు. అందరి ముందూ మాట్లాడారు. తమ తండ్రి కోరహు తిరుగుబాటులో చేరినవాడు కాడని, ఎవరూ అడగకముందే చెప్పారు. అంటే ఎదుటివారు ఏ ప్రశ్న వేస్తారో ముందే ఆలోచించుకుని వచ్చారు. ఆ తరువాత తమకేం కావాలో ఒక్క మాటలో అడిగారు. మోషేకు జవాబు తెలియలేదు, ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. వారు చెప్పింది న్యాయమేనని దేవుడు అన్నాడు. వారి విన్నపం ఇశ్రాయేలు అంతటికీ కట్టడ అయింది.

సణుగుడుకూ విన్నపానికీ ఉన్న ఈ తేడాను చూపించే ఉదాహరణ మనలో చాలామందికి దగ్గరలోనే ఉంది. 2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో దాదాపు 60 వేలమంది ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. విక్టోరియాలో ఉన్నవారిలో ఎన్నో కుటుంబాలు టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, వెర్రిబీ ప్రాంతాల్లో ఇళ్లు కట్టుకున్నాయి. అక్కడినుండి సిటీకి వెళ్లే దారిలో యారావిల్, ఫుట్‌స్క్రే, బ్రూక్లిన్ వస్తాయి. వాటి పక్కనే మెల్‌బోర్న్ ఓడరేవు. దేశంలో కంటైనర్లు ఎక్కువగా దిగే రేవు అది. దిగిన కంటైనరు గిడ్డంగికి చేరాలంటే లారీ ఎక్కాలి. ఏళ్ల తరబడి ఆ లారీలు ఫ్రాన్సిస్ స్ట్రీట్, సోమర్‌విల్ రోడ్, మూర్ స్ట్రీట్, బక్లీ స్ట్రీట్ వంటి ఇళ్ల మధ్య వీధుల్లోంచి రోజుకు వేల సంఖ్యలో నడిచాయి. కిటికీ గడప మీద నల్లని మసి, రాత్రి మంచం అదురు, బడికి నడిచే పిల్లల ముఖానికి పొగ: అక్కడివారి రోజు ఇలా గడిచేది.

డీజిల్ పొగలో ఏముంటుందో ఒకసారి చూద్దాం. అందులో 2.5 మైక్రాన్లకన్నా చిన్న రేణువులుంటాయి. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు గాని, గొంతులోని తేమ గాని వాటిని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల అడుగువరకు దిగుతాయి, మరీ చిన్నవి రక్తంలోకీ చేరతాయి. వాటితోపాటు నైట్రోజన్ డయాక్సైడ్ కూడా వస్తుంది, అది ఆస్తమాను రేపుతుంది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. సూక్ష్మ రేణువుల సగటు ఏడాదికి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో ఆ సంస్థ చెప్పింది. అప్పటి ఆస్ట్రేలియా ప్రమాణం 8. లండన్‌లో రద్దీ రోడ్డు పక్కన పెరిగిన ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప 2013లో ఆస్తమాతో చనిపోయింది. ఆమె తల్లి ఏళ్లపాటు పోరాడగా, పాప మరణానికి గాలి కాలుష్యం కూడా కారణమని 2020 డిసెంబరులో విచారణాధికారి తీర్పు ఇచ్చారు. ఆ తల్లి కూడా గుడారంలో కూర్చుని గొణుక్కోలేదు.

మెల్‌బోర్న్ పశ్చిమ ప్రాంతానికి పోరాటం కొత్త కాదు. 1991 ఆగస్టులో కూడ్ ఐలండ్‌లోని రసాయనాల ట్యాంకులు అంటుకుని విషపు పొగ నగరం మీదికి లేచింది. అప్పటి పౌర ఉద్యమంలో పనిచేసిన కొలీన్ హార్ట్‌లాండ్ తరువాత 2006లో రాష్ట్ర ఎగువ సభకు ఎన్నికయ్యారు. లారీల విషయంలో మారిబిర్నాంగ్ ట్రక్ యాక్షన్ గ్రూప్ అనే పేరుతో వీధివారే ఒక బృందంగా ఏర్పడ్డారు. వారు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది: లారీలు లెక్కపెట్టడం. రోడ్డు పక్కన నిలబడి, గంటకు ఎన్ని పోతున్నాయో కాగితం మీద గీతలు గీశారు. "చాలా పొగ వస్తోందండీ" అనేది ఫిర్యాదు మాత్రమే. "ఈ రోడ్డులో, ఈ గంటలో, ఇన్ని లారీలు" అన్నది సాక్ష్యం. కోరహు మాట ముందే ఎత్తిన అక్కచెల్లెళ్ల తెలివి ఇందులో కనబడుతుంది.

మొదట రాత్రివేళల్లో, వారాంతాల్లో కొన్ని వీధుల్లోకి లారీలు రాకూడదనే నిబంధన వచ్చింది. 2018లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రాంతపు గాలి గురించి స్థానికులతోనే ఒక సలహా బృందాన్ని ఏర్పాటు చేసింది, ఆ బృందం 2020లో నివేదిక ఇచ్చింది. ఈలోగా వెస్ట్ గేట్ టనెల్ పనులు మొదలయ్యాయి. తవ్వబోయే మట్టిలో రసాయనాలు ఉన్నాయని గొడవ వచ్చి పని ఏళ్లకు ఏళ్లు ఆలస్యమైంది. చివరకు 2025 డిసెంబరులో టనెల్ తెరిచారు. దానితోపాటే ఫ్రాన్సిస్ స్ట్రీట్, సోమర్‌విల్ రోడ్, బక్లీ స్ట్రీట్, మూర్ స్ట్రీట్, హడ్సన్స్ రోడ్, బ్లాక్‌షాస్ రోడ్లలో రాత్రింబగళ్లు లారీల నిషేధం అమలులోకి వచ్చింది. ఇళ్ల మధ్య వీధుల నుండి రోజుకు 9,000కు పైగా లారీలు తగ్గుతాయన్నది ప్రభుత్వం చెప్పిన లెక్క.

కథ ఇక్కడ ముగిసిందనుకుంటే యెహోషువ 17వ అధ్యాయం చదవనట్టే. సంఖ్యాకాండము 27లో దేవుడే స్వయంగా "ఇవ్వండి" అన్నాడు. అయినా కనానుకు వచ్చాక ఆ ఐదుగురూ మళ్లీ ఎలియాజరు ముందుకు, యెహోషువ ముందుకు వచ్చి, మోషేకు దేవుడు ఇచ్చిన ఆజ్ఞను గుర్తుచేయవలసి వచ్చింది. అప్పుడు గాని భూమి చేతికి రాలేదు. మోషే పోయాడు, తరం మారింది, కాగితం మీది ఆజ్ఞను నేల మీదికి తేవడానికి రెండోసారి అడగాల్సి వచ్చింది. యారావిల్ వారూ ఇప్పుడు అదే స్థితిలో ఉన్నారు. టనెల్ పొగగొట్టాలకు ఫిల్టర్లు పెట్టమని అడిగారు, పెట్టలేదు. నిషేధం లేని విలియమ్స్‌టౌన్ రోడ్, మిల్లర్స్ రోడ్ల మీదికి లారీలు మళ్లుతాయన్న భయం అక్కడివారికి ఉంది.

ఈ రెండో సంగతి ముఖ్యం. సంఖ్యాకాండము 36లో గోత్రపు పెద్దలు వచ్చి, ఈ పిల్లలు వేరే గోత్రంవారిని పెళ్లాడితే మా భూమి సంగతేమిటి అని అడిగారు. దేవుడు వారి మాటనూ న్యాయమే అన్నాడు, ఏర్పాటును సవరించాడు. ఒకరికి న్యాయం జరిగితే దాని భారం మరొకరి మీద పడకూడదు. నా వీధిలో పొగ పోయి పక్క వీధిలోకి చేరితే పొరుగువాని విషయంలో నేనేం చేసినట్టు?

ద్వితీయోపదేశకాండము 22:8లో ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడ్డాక పరిహారం ఇవ్వమని కాదు, ఎవరూ పడకముందే గోడ కట్టమని. విక్టోరియాలో 2021 జూలై 1న అమలులోకి వచ్చిన పర్యావరణ చట్టం మూలసూత్రం కూడా దాదాపు ఇదే: తన పని వల్ల మనుషుల ఆరోగ్యానికి, పర్యావరణానికి హాని కలిగే ప్రమాదం ఉంటే, ఆ పని చేసేవాడే చేతనైనంతవరకు ముందుగా దాన్ని తగ్గించాలి. పిట్టగోడ లేని ఇల్లు ఏం చేస్తుందో మనవారికి తెలియనిది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి ఆవిరై ఊరి మీద పడింది, 12 మంది చనిపోయారు. ఇక్కడ 2018 ఆగస్టు 30న టాటెన్‌హామ్‌లో గిడ్డంగి అంటుకుంటే రోజుల తరబడి కాలింది. బడులు మూశారు, స్టోనీ క్రీక్‌లో చేపలు చచ్చి తేలాయి. అగ్ని ముట్టించినవాడే నష్టం అచ్చుకోవాలని నిర్గమకాండము 22:6 చెబుతుంది, కానీ పిట్టగోడ ఆజ్ఞ దానికన్నా ఒక అడుగు ముందుంది.

ఇక మన ఇబ్బంది. మన సంఘాల్లో లారీ నడిపే సహోదరులున్నారు. ట్రుగనీనా, లావర్టన్ గిడ్డంగుల్లో రాత్రి షిఫ్టు చేసేవారున్నారు. ఆన్‌లైన్‌లో కొన్న ప్రెషర్ కుక్కర్ ఇంటికి వచ్చేది ఆ లారీల మీదే. ఆ వీధుల మీదుగా సిటీకి పోయిన కార్లలో మనవీ ఉన్నాయి. కాబట్టి లారీ డ్రైవరును శత్రువుగా చూసే మాట మన నోట రాకూడదు. నిజానికి ఆ పొగను అందరికన్నా దగ్గరగా పీల్చేది అతడే. అడగవలసింది దారి మార్చమని, పాత ఇంజన్ల స్థానంలో కొత్త ప్రమాణాల ఇంజన్లు తెమ్మని. దేశంలో అమ్మే కొత్త భారీ వాహనాలన్నిటికీ 2025 నవంబరు నుండి యూరో 6 ప్రమాణం తప్పనిసరి అయింది. అయితే రోడ్డు మీద ఇప్పటికే ఉన్న పాత లారీలు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి.

"మనం యాత్రికులం, పరదేశులం, ఇవన్నీ మనకెందుకు" అనే మాట కూడా వింటుంటాం. యిర్మీయా ఉత్తరం అందుకున్నవారు మనకన్నా పెద్ద పరదేశులు, బలవంతంగా బబులోనుకు తెచ్చిన చెరవారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణపు క్షేమాన్ని వెదకండి, దానికోసం ప్రార్థించండి అని వారికే దేవుడు చెప్పించాడు. వెదకడం, ప్రార్థించడం రెండూ ఉన్నాయి. నెహెమ్యా 4:9లో కూడా ప్రార్థన చేశారు, కాపలాదారులనూ పెట్టారు. ఇంకో భయం వీసా గురించి: పౌరసత్వం లేనివాడు నోరు తెరిస్తే ఏమవుతుందో అని. కౌన్సిల్‌కు ఉత్తరం రాయడానికి, పర్యావరణ సంస్థ ఈపీఏకి ఫిర్యాదు చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. మనం ఇళ్లు కట్టుకున్న వెర్రిబీలోనే 1990లలో ఒక పెద్ద కంపెనీ విషవ్యర్థాల గుంట పెట్టాలని చూసింది. హ్యారీ వాన్ మూర్స్ట్ నాయకత్వంలో ఊరంతా ఎదురు నిలిచింది. 1998 నవంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. మనం అడగకుండానే ఎవరో మనకోసం అడిగి పెట్టారు.

గాలి మనకు ప్రత్యేకంగా ప్రాణసంకటమని చెప్పే సంఘటన కూడా ఉంది. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఉరుముల గాలివానతో పుప్పొడి చిట్లి ఒక్క సాయంత్రం వేలమందికి ఆస్తమా వచ్చింది, పదిమంది చనిపోయారు. బాధితుల్లో భారత ఉపఖండంనుండి వచ్చినవారు వారి జనాభాకు మించిన సంఖ్యలో ఉన్నారు. అది లారీ పొగ వల్ల వచ్చింది కాదు, రై గడ్డి పుప్పొడి వల్ల. అయినా మీ పిల్లవాడికి వసంతకాలంలో పిల్లికూతలు వస్తుంటే నీలం ఇన్‌హేలర్ ఇంట్లో ఉంచండి, డాక్టరుతో ఆస్తమా ప్రణాళిక రాయించుకోండి.

ఫిర్యాదు చేయాలనుకునేవారికి: ఈపీఏ విక్టోరియా నంబరు 1300 372 842. ఇంగ్లీషు ఇబ్బందైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగవచ్చు. తేదీ, గంట, వీధి, గాలి ఎటునుండి వీస్తోంది, వాసన ఎలాంటిది, ఎంతసేపు ఉంది అని రాసిపెట్టుకుని చేయండి. పది సెకన్లకు మించి పొగ కక్కుతూ పోయే బండి నంబరు కూడా చెప్పవచ్చు. మన చర్చి పార్కింగ్‌లో ఆరాధన అయ్యాక ఇంజన్లు ఆన్‌లో ఉంచి అరగంట మాట్లాడుకోవడం అనే అలవాటు గురించి కమిటీలోనే నిర్ణయించుకోవచ్చు, దానికి ఈపీఏ అక్కర్లేదు.

సహవాసంలో చర్చకు: సంఖ్యాకాండము 27:1-4 బిగ్గరగా చదివి, ఆ అక్కచెల్లెళ్లు ఎవరితో, ఎక్కడ, ఏ మాటతో మొదలుపెట్టారో చెప్పుకోండి. మన వాట్సాప్ గ్రూపులో గత నెలలో సణిగిన ఒక సంగతిని తీసుకుని, దాన్ని విన్నపంగా మారిస్తే ఎవరికి రాయాలి, ఏ సాక్ష్యం కావాలి అని ఆలోచించండి. లారీ నడిపే సహోదరుడు గుంపులో ఉంటే ముందు ఆయన్ని మాట్లాడనివ్వండి. ప్రార్థనలో ఊపిరి ఇబ్బందితో ఉన్నవారి పేర్లు పేరుపేరునా జ్ఞాపకం చేసుకోండి, విలియమ్స్‌టౌన్ రోడ్ మీద ఉంటున్న కుటుంబాలను కూడా.