యూనిఫాం గుడ్డ నేర్పిన పాఠం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ సారు అడిగినప్పుడు, కథలూ కవితలూ మా వల్ల కాదు గానీ గుడ్డ గురించి అయితే రాస్తామన్నాం. మేమిద్దరం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివాం. తర్వాత వెంకటగిరిలో చేనేత సాంకేతిక డిప్లొమా చేశాం. అక్కడ చదివిన పాఠాల్లో సగం అంతకుముందే ఇక్కడ మాకు అనుభవమైనవే. కారణాలు మాత్రం అప్పుడు తెలియవు.

మేము ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడాది వచ్చిన యూనిఫాం గుడ్డ గరగరలాడుతూ, మందంగా, మెరుస్తూ ఉంది. చాలా మంచి గుడ్డ అనుకుని సరిగ్గా కొలతకు కుట్టించుకున్నాం. మొదటి ఉతుకుతోనే గరగర పోయింది, మందం పోయింది, చొక్కా బిగుసుకుపోయింది. చెయ్యెత్తితే చంక దగ్గర పిగిలిపోయేది. అందుకని మా ఇద్దరిలో ఒకడు సమాధానం తెలిసినా ఆ ఏడాదంతా క్లాసులో చెయ్యెత్తలేదు. లెక్కల సారు వాడికి ఏమీ రాదనుకున్నారు. తప్పు వాడిదీ కాదు, సారుదీ కాదు. గుడ్డను కొన్నప్పుడు గానీ కుట్టినప్పుడు గానీ దాని గుణం ఎవరూ చూడలేదు.

గుడ్డకు గుణాలు ముఖ్యంగా మూడు విధాలుగా వస్తాయి: పీచు నుంచి, నేత నుంచి, నేసిన తర్వాత చేసే మెరుగు పనుల నుంచి. వాటిలో పీచు, మెరుగు అనే రెండింటి గురించే ఇక్కడ చెబుతాం. పీచు గుణం గుడ్డ చిరిగేదాకా ఉంటుంది. మెరుగు గుణం కొన్నిసార్లు మొదటి ఉతుకుకే పోతుంది. ఈ తేడా తెలిస్తే సగం మోసాలు తప్పుతాయి.

పీచు గుణం

పత్తి పీచు దాదాపు అంతా సెల్యులోజు. దాని అణువుల్లోని హైడ్రాక్సిల్ సమూహాలకు నీరంటే ఇష్టం. పాలియెస్టర్‌ను 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు తయారు చేశారు. దాని అణువులకు నీరు అంతగా అంటదు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు 100 గ్రాముల ఎండు పీచు పీల్చుకునే తేమ సుమారుగా ఇలా ఉంటుంది:

ఉన్ని – 16 గ్రాములు
పట్టు – 11 గ్రాములు
పత్తి – 8.5 గ్రాములు
నైలాన్ – 4 గ్రాములు
పాలియెస్టర్ – 0.4 గ్రాములు

ఎండాకాలంలో నూలు చొక్కా చెమట పీల్చుకోవడం, పాలియెస్టర్ చొక్కా వీపుకు అంటుకుపోవడం ఈ అంకెల్లోనే ఉన్నాయి. అయితే అదే గుణం వానాకాలంలో తిరగబడుతుంది. నూలు ప్యాంటు రెండు రోజులైనా ఆరదు. పాలియెస్టర్ రాత్రి ఆరేస్తే తెల్లవారేసరికి సిద్ధం, ముడతలూ తక్కువే. అందుకే రెండూ కలిపి నేస్తారు. 67 పాళ్ళు పాలియెస్టర్, 33 పాళ్ళు పత్తి అనేది యూనిఫాం గుడ్డల్లో తరచుగా కనిపించే పాళ్ళు. చాలాకాలం మన్నుతుంది. చెమటకు మాత్రం లోపల నూలు బనియను వేసుకోవాలి.

బండ మీద ఉతికే మనకు ఇంకో సంగతి తెలియాలి. పత్తి తడిస్తే బలం పెరుగుతుంది. విస్కోస్ రేయాన్ కూడా సెల్యులోజే గానీ, తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. రేయాన్ చొక్కాను బండకేసి బాదితే చిరిగేది అందుకే. దాన్ని బకెట్లో జాడించి, గట్టిగా పిండకుండా ఆరేయాలి.

ఇక నిప్పు సంగతి. మా రోజుల్లో వంటగదిలో కామాటికి సాయం చేస్తున్న ఒక తమ్ముడి చొక్కా చేతికి పొయ్యి మంట తగిలింది. గుడ్డ కరిగి మణికట్టుకు అంటుకుపోయింది. వాడు కంగారులో దాన్ని లాగేసరికి చర్మం కూడా వచ్చింది. పాలియెస్టర్ సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి జిగురులా అంటుకుంటుంది. పత్తి కరగదు, కానీ తొందరగా అంటుకుని మండుతుంది. కనుక ఏ గుడ్డ అయినా పొయ్యి దగ్గర వదులుగా వేలాడకూడదు. బట్టలంటుకుంటే పరుగెత్తకండి, నేల మీద దొర్లండి. కాలిన చోట చల్లని నీళ్ళు పోయండి. అంటుకున్న గుడ్డను లాగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మెరుగు గుణం

మగ్గం మీద పడుగు పోగులు తెగకుండా గంజి పెట్టడం నేత పనిలో భాగం. అందులో తప్పేమీ లేదు. కానీ పలచని గుడ్డ మందంగా కనిపించడానికి తర్వాత గంజి దట్టిస్తే అది మొదటి ఉతుకుతో పోతుంది. మన యూనిఫాం గుడ్డకు జరిగింది ఇదే. దీన్ని పట్టుకోవడం తేలిక. టింక్చర్ అయోడిన్‌ను నీళ్ళలో కలిపి, గుడ్డ ముక్క మీద ఒక చుక్క వేయండి. నీలినలుపు రంగు వస్తే గంజి ఉన్నట్టే. అన్నం మీద, బంగాళాదుంప మీద సైన్సు సారు చేయించిన పరీక్షే ఇది.

చొక్కా కుంచించుకుపోవడానికి కారణం వేరు. నేతలోనూ, ఆ తర్వాతి పనుల్లోనూ గుడ్డను లాగి పట్టి ఉంచుతారు. నీళ్ళలో పడగానే పోగులు సాగిన స్థితి నుంచి మళ్ళీ దగ్గరికి వస్తాయి. 80 సెంటీమీటర్ల ఛాతీ కొలత 5 శాతం తగ్గితే 76 అవుతుంది. ఆ 4 సెంటీమీటర్లు చాలు, చెయ్యి లేవకుండా చేయడానికి. శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికన్ కనిపెట్టిన శాన్‌ఫరైజింగ్ పద్ధతిలో గుడ్డను ముందే యంత్రంతో దగ్గరికి నొక్కుతారు. అలాంటి గుడ్డ తర్వాత ఒక శాతం లోపే కుంచించుకుంటుంది.

ఉతికినా పోని మెరుగులూ ఉన్నాయి. 1844లో జాన్ మెర్సర్ నూలు గుడ్డను గాఢమైన కాస్టిక్ సోడాలో ముంచి చూశాడు. పీచు ఉబ్బి గుండ్రబడింది, బలం పెరిగింది, రంగు బాగా పట్టింది. తర్వాతివాళ్ళు గుడ్డను లాగి పట్టి ఇదే పని చేస్తే పట్టులాంటి మెరుపు వచ్చింది. ఇది పైపూత కాదు, పీచు రూపమే మారడం. అందుకే నిలుస్తుంది.

ముడతలు పడకుండా నూలు గుడ్డకు రెసిన్ పెడతారు. అది సెల్యులోజు గొలుసులను ఒకదానితో ఒకటి కట్టేస్తుంది. ముడత తగ్గుతుంది గానీ గుడ్డ బలమూ తగ్గుతుంది. కొన్ని రెసిన్ల నుంచి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. కనుక కొత్త గుడ్డను ఉతికాకే వేసుకోవాలి. దుప్పట్ల మీద ముళ్ళ రోలర్లతో నూగు లేపితే మధ్యలో గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది. ఆ నూగుకే నిప్పు తొందరగా అంటుకుంటుంది కూడా. తువ్వాలుకు మెత్తదనం కోసం రసాయనం ఎక్కువగా పెడితే తడి తుడవదు. ఒక లాభం వచ్చిన చోట ఒక నష్టం ఉంటుందని గుర్తు పెట్టుకోండి.

ఏ పీచో తెలుసుకోవడం ఎలా?

గుడ్డ అంచు నుంచి ఒక్క పోగు లాగి, పట్టుకారుతో పట్టుకుని, నీళ్ళ పళ్ళెం మీద కాల్చి చూడాలి. సారు దగ్గరుంటేనే చేయండి. కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద వస్తే పత్తి లేదా రేయాన్. వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడయ్యే నల్లని ఉండ వస్తే ఉన్ని లేదా పట్టు. కరిగి, నల్లని పొగతో గట్టి పూస మిగిలితే పాలియెస్టర్. కలిపి నేసిన గుడ్డలో రెండు గుర్తులూ కనిపిస్తాయి.

తమ్ముళ్ళకు చివరి మాట

గుడ్డ రాగానే దర్జీ దగ్గరికి పరుగెత్తకండి. ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, అప్పుడు కుట్టించండి. ప్యాంటు కింద, చొక్కా పక్కల మడత ఎక్కువ వదలమని చెప్పండి. గుడ్డ అంచు మీద పీచు పాళ్ళు అచ్చు వేసి ఉంటే చదవండి. పాలియెస్టర్‌కు తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి.

ఇవి ఖర్చు లేని పనులు. మాకు ఎనిమిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఏడాది లెక్కల క్లాసు వేరుగా గడిచేది. ఈ చదువు మీద ఆసక్తి ఉన్నవాళ్ళు పదో తరగతి తర్వాత మూడేళ్ళ చేనేత డిప్లొమా గురించి అడిగి తెలుసుకోండి. సెలవులకు మేము ఊరు వచ్చినప్పుడు హాస్టల్‌కు కూడా వస్తాం. సందేహాలుంటే అడగండి, చెయ్యెత్తి మరీ అడగండి.