కారాగార విముక్తులకు స్వయంవృత్తి

ఉద్యోగార్థులకై వ్రాయబడు వ్యాసములు సాధారణముగా పట్టభద్రులనే ఉద్దేశించుచుండును గాని, కరీంనగరములోనో ఆదిలాబాదులోనో జిల్లా కారాగార ద్వారమును దాటి, చేత చిన్న సంచితో బస్టాండు త్రోవ పట్టిన మనుష్యుడు సైతము ఉద్యోగార్థియే. పని యిచ్చువాడు వాని పనితనమును పరీక్షింపక మునుపే పోలీసు ధ్రువపత్రమును అడుగును. ఊరివారు "జైలుకు పోయొచ్చినోడు" అని పేరుపెట్టుదురు. కావున ఒకరి కొలువుకై కనిపెట్టుకొని యుండుటకంటె, చిన్నదైనను తనదైన వృత్తిని నెలకొల్పుకొనుటయే అట్టివానికి శ్రేయస్కరమని నా దృఢవిశ్వాసము.

తెలంగాణ కారాగారశాఖ "మై నేషన్" పేరిట విక్రయించు సబ్బులు, ఫినాయిలు, బేకరీ తినుబండారములు, ఫర్నిచరు ఇవన్నియు ఖైదీల చేతిపనియే; ఆ శాఖ నడుపు పెట్రోలు బంకులలో ఖైదీలతోపాటు విడుదలైనవారికిని పని దొరకుచున్నది. ఖైదీల శ్రమకు న్యాయమైన కూలి చెల్లింపవలెనని 1998లో సుప్రీంకోర్టు గుజరాత్ వ్యాజ్యమున తీర్పు చెప్పియున్నది. ఆ కూలిలో మిగిలినది స్వల్పమే యైనను, అప్పు కాని పెట్టుబడి అదియొక్కటే గనుక దానిని తొలినెల యింటిఖర్చులలో కరగనీయరాదు. లోపల నేర్చిన ప్రతి విద్యయు బయట అన్నము పెట్టదు. ఫినాయిలు చేయుట సులభము, అమ్ముట కష్టము. కుట్టుపని అట్లుగాదు: జూన్‌లో బడులు తెరచునాటికి యూనిఫారములు, దసరాకు కొత్తబట్టలు కుట్టించుకొనువారు ప్రతి మండలకేంద్రమునను ఉందురు, మరమగ్గముల పట్టణమైన సిరిసిల్ల చెంతనే యుండగా గుడ్డకు కొఱత లేదు.

అన్నిటికంటె ముందు చక్కబెట్టుకొనవలసినవి కాగితములు. దీర్ఘకాలము లోపల నున్నవాని సిమ్ కార్డు వాడుకలేక రద్దగును. ఆ నంబరే ఆధారుతో ముడివడి యుండుటచేత ఓటీపీ రాదు. ఓటీపీ రానిదే చిన్న వ్యాపారమునకు గుర్తింపునిచ్చు ఉద్యమ్ నమోదు, అది ఉచితమే యైనను, ముందుకు సాగదు. ఆధార్ కేంద్రమునకు పోయి వేలిముద్రలిచ్చి కొత్త నంబరును చేర్పించుకొనుట మొదటి పని. రెండేండ్లు లావాదేవీలు లేని బ్యాంకు ఖాతా నిద్రాణమగును. కేవైసీ పత్రములు సమర్పించి దానిని మేల్కొల్పవచ్చును. జైలుకు పోకమునుపు తీసికొన్న అప్పు కిస్తీలు ఆగిపోయి సిబిల్ స్కోరు పడిపోయెనేమో చూచుకొనవలెను. ప్రతి ఋణసమాచార సంస్థయు ఏటికొక పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెనన్న నియమము కలదు. పాత బకాయి ఎంతో తెలియక బ్యాంకు మెట్లెక్కినవాడు, తనను నిరాకరించినది గతనేరమని భావించి కుమిలిపోవును. కారణము కొన్నివేల రూపాయల పాతకిస్తీయే కావచ్చును.

పూచీకత్తు లేని ముద్ర ఋణము "శిశు" వర్గమున 50,000 రూపాయలవఱకు లభించును. బండి వ్యాపారులకు పీఎం స్వనిధి తొలివిడతగా 15,000, దానిని సక్రమముగా తీర్చినచో 25,000, పిదప 50,000 ఇచ్చును. అర్హతాపత్రమునకు మునిసిపల్ కార్యాలయమును ఆశ్రయింపవలెను. ఎంత దొరకిన అంత అప్పు చేయుట ప్రమాదకరము. ఆదిలాబాదులో సాయంకాలము జొన్నరొట్టెల బండి పెట్టదలచినవాడు, అప్పునకు మునుపే చేతనున్న కూలిడబ్బుతో నెలదినములు నడిపి, కిలో పిండికి ఎన్ని రొట్టెలగునో, ఎన్ని మిగిలిపోవునో, గ్యాసుకు, పచ్చడికి ఎంత పోవునో, తన కష్టమునకు రోజుకూలి ఎంత పడునో పుస్తకమున వ్రాసికొనవలెను. బ్యాంకు మేనేజరునకు చూపదగిన ఉత్తమపత్రము ఆ పుస్తకమే. పని నేర్వని పల్లెవాసులకు ఆర్‌సెటి (గ్రామీణ స్వయంఉపాధి) శిక్షణాలయములు భోజనవసతులతో ఉచితముగా పని నేర్పుచున్నవి.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 2004 నుండి నడచుచున్న ఒక కార్యక్రమము, విడుదలకు మునుపే ఖైదీలచేత వ్యాపారప్రణాళికలు వ్రాయించి, అనుభవజ్ఞులైన వ్యాపారుల యెదుట వాటిని వినిపింపజేయుచున్నది. మన జిల్లాలలో వాణిజ్యశాస్త్రము చదువుచున్న విద్యార్థులు, అధికారుల అనుమతితో, ఈ పనికి పూనుకొన్నచో ఇరుపక్షములకును విద్యయే. గల్ఫు దేశముల చెఱలనుండి తిరిగివచ్చు కరీంనగరము ప్రాంతపు వలసకార్మికులకును ఇట్టి తోడ్పాటు అత్యావశ్యకము. వారు అచట ఎలక్ట్రీషియనుగానో మేస్త్రీగానో గడించిన నైపుణ్యమునకు ఇచట కాగితపు సాక్ష్యము లేదు.

ఇంకొక సంగతి వృత్తిని ఎన్నుకొనునప్పుడే ఆలోచింపవలెను. బెయిలుపై వచ్చినవారికి కోర్టు వాయిదాలు తప్పవు. వాయిదాకొక దినము చొప్పున సెలవు పెట్టువానిని యజమాని యెంతకాలము సహించును? కుట్టుమిషను ఒకదినము ఆగిన నష్టము లేదు, ఉదయముననే కలిపిన పిండి మాత్రము సాయంత్రమువఱకు నిలువదు. ఆ తేదీలను ముందుగానే క్యాలెండరులో గుర్తించి, ఆనాడు అన్నయో, భార్యయో బండికడ నిలుచునట్లు ఏర్పాటు చేసికొన్నవాడే తిండిపదార్థముల వ్యాపారమునకు దిగవలెను. లాయరును పెట్టుకొను స్తోమత లేనివారు ఆదాయమునుబట్టి ఉచిత సహాయమునకై జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చును. దానివలన ఫీజునకై దాచిన సొమ్ము కుట్టుమిషనునకు మిగులును.